శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా: 44వ నంబరు హైవే మీద నా సమీక్ష

కొన్నేళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నా, ముక్కలు ముక్కలుగానూ నడిపా, ఆ చివర నుంచి ఈ చివరకీ నడిపా. డ్రైవింగ్ అంటే ఇష్టం ఉన్నవాళ్లకి మన దేశంలో ఇంతకన్నా మంచి రోడ్డు నాకైతే కనపడలేదు. మొత్తం 3,700 కిలోమీటర్ల పైనే. 2010లో హైవేల నంబర్లు మార్చినప్పుడు పాత రోడ్లు కొన్నిటిని కలిపి దీన్ని ఒకటి చేశారు, అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. మన వైపు పెద్దవాళ్లు దీన్ని ఇంకా ఏడో నంబరు రోడ్డనే అంటారు.

ఉత్తరం నుంచి దక్షిణానికే రండి. కష్టమంతా మొదట్లోనే, అంటే ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే అయిపోతుంది. బనిహాల్-కాజీగుండ్ సొరంగం, చెనాని-నాష్రీ సొరంగం వచ్చాక చాలా సుఖమే, కానీ వాన పడితే రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడి గంటల తరబడి ఆపేస్తారు. పొద్దున్నే ట్రాఫిక్ పోలీసుల ప్రకటన చూసుకుని బయల్దేరండి, ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

ఢిల్లీ దాటాక అందరూ యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేస్తారు. త్వరగా వెళ్తాం నిజమే, కానీ అది 44 కాదు. పూర్తి రోడ్డు నడపాలనుకుంటే ఫరీదాబాద్, మథుర మీదుగానే ఆగ్రా వెళ్లాలి.

నాకు ప్రాణం మాత్రం సాగర్ నుంచి నాగ్‌పూర్ దాకా ఉన్న భాగం. నర్మద దాటి, లఖ్నాదోన్, సివనీ మీదుగా పెంచ్ అడవిలోకి వస్తాం. అక్కడ జంతువులు కింద నుంచి దాటేలా రోడ్డుని స్తంభాల మీద పైకి లేపారు, వెలుతురు, చప్పుడు అడవిలోకి పోకుండా రెండు పక్కలా గోడలు కట్టారు. ఆ కింద నుంచి పులులు దాటడం కెమెరాల్లో రికార్డయింది కూడా. చాలామంది నాగ్‌పూర్ చేరాలన్న తొందరలో దీన్ని రాత్రిపూట దాటేస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నిర్మల్ దాటాక గోదావరి, బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, మూడూ ఒక్క రోజులో వస్తాయి. హైదరాబాద్‌లో ఔటర్ రింగు ఎక్కకుండా ఊళ్లోంచే వెళ్లాలనుకుంటే తెల్లారకముందే దాటేయండి. కర్నూలు నుంచి అనంతపురం దాకా రోడ్డు తిన్నగా సాగుతూనే ఉంటుంది, మధ్యాహ్నం అయితే కళ్లు మూతలు పడతాయి, కాబట్టి అది పొద్దుటి పూటే కానివ్వండి.

రోడ్డు బాగానే ఉన్నా దాని మీద పద్ధతి లేదు. కుడి లేన్ వదలని లారీలు, రాంగ్ రూటులో ఎదురొచ్చే ట్రాక్టర్లు, చీకట్లో లైట్లు లేకుండా ఆపేసిన బండ్లు. అందుకే పొద్దు గుంకాక నడపను, రోజుకి 400 కిలోమీటర్లు మించి పెట్టుకోను. సెప్టెంబరు చివర గానీ అక్టోబరు మొదట్లో గానీ బయల్దేరితే మంచిది, అప్పటికి ఉత్తరాన వానలు తగ్గుముఖం పడతాయి, పంజాబ్ వైపు పొగమంచు ఇంకా మొదలవదు.