మెష్‌టాస్టిక్‌తో రెండేళ్లు: టిక్ పడింది సరే, కబురు అందిందా?

2014 అక్టోబరులో విశాఖని హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు మా ఇంట్లో నాలుగు ఫోన్లున్నా ఒక్కటీ పలకలేదు. గాజువాకలో అక్కావాళ్లు ఎలా ఉన్నారో తెలియక, మూడో రోజున పడిపోయిన చెట్ల మధ్య బండి తోసుకుంటూ నేనే వెళ్లాను. మెష్‌టాస్టిక్ గురించి మొదటిసారి విన్నప్పుడు ఆ రోజే గుర్తొచ్చింది.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఇది లోరా (తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో పద్ధతి) చిప్ ఉన్న చిన్న బోర్డు. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపి యాప్‌లో టైపు చేస్తే మెసేజ్ రేడియోలో వెళ్తుంది, దారిలోని బోర్డులు విన్నదాన్ని మళ్లీ పంపుతాయి. సిమ్ము, టవరు, నెట్టు ఏవీ అక్కర్లేదు. మన దేశానికి 865–867 మెగాహెర్ట్జ్ సెట్టింగ్ ఉంది. హామ్ రేడియోలాగా పరీక్ష రాసే పని లేదు. నేను కొన్న మొదటి బోర్డు మాత్రం పెట్టె మీద మనకి పనికొచ్చే 868 అని ఉండి లోపల 433 మెగాహెర్ట్జ్‌ది వచ్చింది. బోర్డు వెనక చిన్న అంకెలు చూసేదాకా వారం రోజులు యాంటెనానే తిట్టుకున్నాను.

రేంజ్ అంతా ఎత్తు మీదే ఆధారపడి ఉంది. ఎంవీపీ కాలనీ సందుల్లో కిలోమీటరు దాటితే కష్టం. అదే బోర్డు జేబులో వేసుకుని కైలాసగిరి ఎక్కితే గాజువాక డాబా మీది బోర్డు నేరుగా పలికింది. సింహాచలం కొండ అవతల అడవివరం నుంచి మాత్రం ఇప్పటిదాకా ఒక్క మెసేజూ రాలేదు. కొండ అడ్డం పడితే రేడియో ఏం చేస్తుంది? చివరికి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఒక స్నేహితుడి అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు పక్కన సోలార్ బోర్డు ఒకటి పెట్టించాం. ఆ ఒక్కదానితో మా ఇంటికీ అక్కావాళ్ల ఇంటికీ దారి పడింది.

పడిందనే అనుకున్నాను. ఒక వర్షం రాత్రి కరెంటు పోతే, గ్రూప్ చానెల్లో 'అంతా బాగున్నారా' అని పంపాను. టిక్ పడింది, నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే బావ అన్నాడు: "ఏటోయ్, ఏదో పంపానన్నావు, ఇక్కడికేటీ రాలేదు." తర్వాత తెలిసింది, చానెల్లో పంపినప్పుడు పడే టిక్కుకి అర్థం ఎవరో ఒకరి బోర్డు విని తిరిగి పంపిందని మాత్రమే. ఆ రాత్రి నా మెసేజ్ విన్నది మా డాబా మీద ఉన్న నా రెండో బోర్డే! అప్పటినుంచి ముఖ్యమైన మాట నేరుగా ఆ మనిషికే పంపుతున్నాను. అక్కడ అందినట్టు కబురు తిరిగొచ్చేది అవతలి బోర్డు నుంచే. అయినా నా అనుభవంలో పదింటికి ఒకటో రెండో దారిలో పోతూనే ఉంటాయి.

ఇంకో ఇబ్బంది తెలుగువాళ్లకే. ఒక మెసేజ్‌లో రెండొందల చిల్లర బైట్లే పడతాయి. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. 'క్షేమం' అని రాస్తే 18 అయిపోతాయి. పైగా మామూలు సెట్టింగ్‌లో వేగం సెకనుకి ఒక కిలోబిట్ చిల్లర, అదీ చుట్టుపక్కల అందరికీ కలిపి. అందుకే మేం అంకెలు పెట్టుకున్నాం: 1 అంటే క్షేమం, 2 అంటే మందులు కావాలి, 3 అంటే రండి. లొకేషన్ కూడా ఊరికే పంపకుండా వ్యవధి బాగా పెంచాం. బోర్డుతో మొదట వచ్చే చానెల్‌లో మాటల్ని దాచే తాళంచెవి లోకమంతటికీ తెలిసిందే కాబట్టి ఇంటివాళ్ల మాటలకి సొంత చానెల్ పెట్టుకోవాలి.

బ్యాటరీ సంగతికొస్తే, ఈఎస్పీ32 చిప్ ఉన్న బోర్డు ఒక 18650 సెల్‌తో (చార్జింగ్ చేసుకునే లిథియం సెల్) నాకు రోజు, రోజున్నర వస్తుంది. ఎన్ఆర్ఎఫ్52840 చిప్ ఉన్న బోర్డు అదే సెల్‌తో దాదాపు వారం లాగుతుంది. ట్యాంకు దగ్గర పెట్టింది అదే. శ్రావణ మాసం మబ్బుల్లోనూ అది ఆగలేదు గానీ, ఉప్పుగాలికి ఏడాదిలో యాంటెనా కనెక్టర్ పచ్చబడింది. హుద్‌హుద్‌లాంటి 180 కిలోమీటర్ల గాలి వస్తే ఆ బోర్డు కట్టిన కర్ర నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకే ఇంట్లో ఇంకో బోర్డు, పొడుగాటి వెదురు సిద్ధంగా ఉంచాను.

వారానికోసారి, ఆదివారం పొద్దున అందరం '1' పంపుకుంటాం. అక్క దగ్గర నుంచి రాకపోతే టెన్షన్ పడటం మానేశాను. బోర్డు ప్లగ్గు తీసి మిక్సీ పెట్టి ఉంటుంది.