వాడిన ఫ్యాన్‌లెస్ ఇండస్ట్రియల్ పీసీ: తేలిక పనికి చాలు

ఇంటెల్ ఆటమ్ ఇ3845 ప్రాసెసర్ ఉన్న, ఫ్యాన్ లేని వాడిన ఇండస్ట్రియల్ పీసీ ఒకదానిని మోడ్‌బస్ (పారిశ్రామిక పరికరాలు డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) మీటర్ల రీడింగులు సేకరించి సర్వర్‌కు పంపే పనికి పెట్టి చూశాను. నాలుగు కోర్లు, 10 వాట్ల టీడీపీ (చిప్ వెలువరించే వేడికి లెక్క) గల ఈ చిప్ 2013 నాటిదే అయినా ఆ పనికి ఇప్పటికీ చాలు. కెమెరా దృశ్యాలను విశ్లేషించే పనికి మాత్రం దీనిని ఎంచుకోకూడదు. 24 వోల్టుల డీసీ సరఫరా, డిన్ రైలుకు (ప్యానెల్‌లో పరికరాలు అమర్చే లోహపు పట్టీ) బిగించే వీలు, మీటర్లను తీగతో కలిపే ఆర్ఎస్-485 పోర్టులు ఉన్నందువల్ల కంట్రోల్ ప్యానెల్‌లో ఇది ఆఫీసు పీసీ కంటే సులువుగా ఇమిడిపోతుంది.

పాత ఆటమ్‌లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సీ2000 శ్రేణిలో ఎల్‌పీసీ క్లాక్ (చిప్ ఇచ్చే ఒక సమయ సంకేతం) కాలక్రమంలో దెబ్బతిని యంత్రం బూట్ కాకుండా పోయే లోపం 2017లో బయటపడింది; ఇంటెల్ ఆ తర్వాత సీ0 స్టెప్పింగ్‌లో (అదే చిప్ సవరించిన కూర్పు) దానిని సరిదిద్దింది కనుక, ఆ శ్రేణి తీసుకునేవారు మోడల్ పేరుతో ఆగకుండా స్టెప్పింగ్ కూడా రాతపూర్వకంగా అడగాలి.

లోపలి ఎస్ఎస్‌డీ ఎంత ఆరోగ్యంగా కనిపించినా మార్చడమే నా పద్ధతి. బయోస్‌కు (యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాం) పాత యజమాని పాస్‌వర్డ్ మిగిలి ఉందా, కరెంటు పోయి వచ్చాక యంత్రం తనంతట తాను ఆన్ అవుతుందా అన్నవి డబ్బు చెల్లించక ముందే పరీక్షించాలి. మొత్తం మీద సిఫారసు చేస్తాను, కానీ అదే మోడల్‌ది స్పేర్‌గా మరొకటి దొరికితేనే.