మసకగా కనిపించే ఫైళ్లు చూపించి ‘వైరస్’ అంటే డబ్బు కట్టకండి

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు ఇది కాస్త ఓపికగా చదవండి. స్లో అయిందని సర్వీసుకు తీసుకెళ్తే, కొన్ని షాపుల్లో ముందు చేసే పని హిడెన్ ఫైళ్లు, అంటే విండోస్ మామూలుగా మన కంటికి చూపించకుండా దాచి ఉంచేవి, కనిపించేలా సెట్టింగ్ మార్చడం. అంతవరకూ ఎప్పుడూ చూడని పేర్లు మసక మసకగా తెర మీదికొస్తాయి. ‘చూశారా, ఎన్ని వైరస్‌లు దాక్కున్నాయో’ అంటారు. అక్కడి నుంచి యాంటీవైరస్, ఫార్మాట్, సర్వీస్ చార్జి అంటూ బిల్లు పెరుగుతుంది. గుంటూరులో మా బాబాయి దగ్గర ఇలాగే 2,800 రూపాయలు వసూలు చేశారు. ల్యాప్‌టాప్ అమ్మింది కూడా వాళ్లే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

బాబాయి రిటైరైన తెలుగు మాస్టారు. షాపు కుర్రాడు ఆయనతో అన్న మొదటి మాటే, ‘ఇంట్లో ఎవరైనా పిచ్చి సైట్లు చూస్తున్నారా మాస్టారూ?’ అని. అది కౌంటర్ దగ్గర, నలుగురి ముందు. ఆ మాట విన్నాక ఆయన ఇంకో ప్రశ్న అడగకుండా డబ్బు తీసిచ్చేశారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. టెక్నికల్‌గా ఏం చెప్పారన్నది తర్వాత సంగతి, ముందు మనిషిని సిగ్గుపడేలా చేసి నోరు మూయించారు.

అయితే ఆ కుర్రాడే ‘ప్రూఫ్’ అంటూ తెర ఫోటో తీసి బాబాయికి వాట్సాప్‌లో పంపాడు. అది నా చేతికొచ్చింది కాబట్టే ఈ సంగతంతా రాయగలుగుతున్నాను. ఆ ఫోటోలో ఉన్నవి ఏమిటో చూడండి.

డెస్క్‌టాప్ మీద డెస్క్‌టాప్.ఐఎన్ఐ అనే ఫైల్ రెండుసార్లు ఉంది. ‘ఒకటి పెట్టుకుని రెండోది కాపీ చేసుకుంది, వైరస్ లక్షణమే ఇది’ అన్నాడట. నిజానికి ఒకటి బాబాయి యూజర్ అకౌంట్‌ది, రెండోది ఆ కంప్యూటర్ వాడే అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ది. రెండు చోట్ల ఉన్నవాటినీ విండోస్ ఒకే తెర మీద చూపిస్తుంది. అందుకే జంటగా కనబడతాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆ ఫోల్డర్‌ని ఏ పేరుతో, ఏ ఐకాన్‌తో చూపించాలో చెప్పే కొద్దిపాటి లైన్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఇప్పుడు మీ విండోస్ కంప్యూటర్‌లో చూసినా దాదాపు ఇలాగే ఉంటుంది.

సీ డ్రైవ్‌లో పేజ్‌ఫైల్.సిస్, హైబర్‌ఫిల్.సిస్ అని రెండు పెద్ద ఫైళ్లు. ‘జీబీలకు జీబీలు తినేస్తోంది, డేట్ చూడండి, ఇవాళే వచ్చింది’ అన్నాడట. మొదటిది ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే చోటు. రెండోది హైబర్నేట్ చేసినప్పుడూ, ఫాస్ట్ స్టార్టప్‌తో ఆపినప్పుడూ ర్యామ్‌లో ఉన్నది దాచిపెట్టే చోటు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 10లో ఈ రెండోది మామూలుగా 3 జీబీకి అటూఇటూగా ఉంటుంది. కంప్యూటర్ వాడుతున్నకొద్దీ ఇవి మారుతూనే ఉంటాయి కాబట్టి తేదీ కొత్తగానే కనిపిస్తుంది. వైరస్ రాసేవాడెవడూ జీబీల సైజు ఫైల్ పెట్టి అందరి కంటా పడాలనుకోడు లెండి.

తర్వాత ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’, ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’. ఇవి ఫోల్డర్లలా కనిపిస్తాయి. క్లిక్ చేస్తే యాక్సెస్ డినైడ్ అని వచ్చింది. ‘మనల్నే లోపలికి రానివ్వడం లేదంటే లాక్ చేసేసింది’ అన్నాడు. మొదటిది అసలు ఫోల్డరే కాదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి ప్రోగ్రాములు ఆ పేరుతో వెతికితే వాటిని ఇప్పటి యూజర్స్ ఫోల్డర్‌కి మళ్లించే దారి. విస్టా నుంచీ ఉంది. రెండోది రీస్టోర్ పాయింట్లు, అంటే కంప్యూటర్‌ని పాత స్థితికి తీసుకెళ్లడానికి దాచుకునే సమాచారం, ఉండే చోటు. పొరపాటున చెరిపేయకుండా విండోసే తలుపు వేసి ఉంచుతుంది. పెన్‌డ్రైవ్‌లో కూడా ఇదే పేరుతో ఫోల్డర్ ఉండి, లోపల 76 బైట్లది ఒకటి, 12 బైట్లది ఒకటి చిన్న ఫైళ్లు ఉంటే కంగారు పడకండి, అవీ విండోస్ పెట్టినవే.

ఇక బాబాయి పాఠాలు దాచుకున్న ఫోల్డర్‌లో ~$ గుర్తుతో మొదలయ్యే వర్డ్ ఫైల్ ఒకటి. సైజు 162 బైట్లు. తెరిస్తే చెత్త అక్షరాలు. ‘మీ ఫైల్‌ని తినేసి ఇలా చేసింది’ అన్నాడట. వర్డ్‌లో ఏదైనా డాక్యుమెంట్ తెరిచినప్పుడు, దాన్ని ఎవరు తెరిచారో గుర్తుపెట్టుకోవడానికి వర్డే ఆ చిన్న ఫైల్ పెడుతుంది. మూసేస్తే తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, వర్డ్ హ్యాంగయినా అది అక్కడే ఉండిపోతుంది. బాబాయి ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ పావుగంట కూడా రాదు. ఆ బ్యాటరీ ఇచ్చింది ఎవరో వేరే చెప్పాలా?

ఫోటోలో ఉన్నవి ఇంతే. ఒక్కటంటే ఒక్కటి కూడా వైరస్ కాదు.

ఫార్మాట్ చేసి తెచ్చాక నేను దాచిన ఫైళ్లన్నీ కనిపించేలా అదే సెట్టింగ్ మళ్లీ మార్చి చూశాను. రెండు డెస్క్‌టాప్.ఐఎన్ఐలు ఉన్నాయి. పేజ్‌ఫైల్ ఉంది. హైబర్‌ఫిల్ ఉంది. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ ఉంది, యాక్సెస్ డినైడ్ అనే అంటోంది. 2,800 పోసి తీయించిన ‘వైరస్’ అంతా తిరిగి యథాస్థానంలో ఉంది. లేనిదల్లా బాబాయి పాఠాలు. డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవన్నీ సీ డ్రైవ్‌తో పాటే పోయాయి. బ్యాకప్ తీశామన్నారు, డీ డ్రైవ్ మాత్రమే మిగిలింది, అది ఎలాగూ చెరిగేది కాదు. మీకూ ఎవరైనా ఇలాంటి ఫార్మాట్ చేసి ఉంటే ముందు ఇది చూసుకోండి. అవే పేర్లు మళ్లీ కనిపిస్తే షాపువాళ్లు చూపించిన ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి షాపుకు వెళ్లండి. అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

అసలు సమస్య ఇంకోచోట బయటపడింది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌కి వెళ్లి, మేనేజ్ సెట్టింగ్స్ కింద ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. ‘ఇవి తనిఖీ చేయొద్దు’ అని విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి చెప్పే జాబితా అది. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో మామూలుగా ఖాళీగా ఉండాలి. ఇక్కడ సీ డ్రైవ్ మొత్తం రాసి ఉంది! అంటే కాపలావాడిని పెట్టి, కళ్లు మూసుకుని నిలబడమన్నట్టు. ఫార్మాట్ చేసి విండోస్ ఎక్కించింది వాళ్లే కాబట్టి ఇది ఎవరు పెట్టారో సందేహం లేదు. ఎందుకో కూడా ఊహించడం కష్టం కాదు. యాక్టివేషన్ పేజీలో ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా’ అని ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అలా ఉండొచ్చు. రిటైరైన మాస్టారికి ఏ సంస్థ? లైసెన్స్ కొనకుండా క్రాక్‌తో, అంటే దొంగదారిన యాక్టివేట్ చేసే ప్రోగ్రాముతో నడిపించిన విండోస్‌లో ఈ లైనే కనిపిస్తుంటుంది. క్రాక్‌ని డిఫెండర్ పట్టేస్తుంది కాబట్టి ముందే దాని కళ్లకు గంతలు కట్టేస్తారు. ఆ గంతలతో ఇక నిజమైన వైరస్ వచ్చినా పట్టేవాడు లేడు. పాత ల్యాప్‌టాప్ కొంటుంటే డబ్బు ఇచ్చేముందు ఈ రెండు పేజీలు తెరిచి చూపించమనండి. తటపటాయిస్తే అక్కడే ఆగిపోండి.

స్లో ఎందుకైందంటారా, అందులో ఉన్నది పాత హార్డ్ డిస్క్. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం. దాని బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయిస్తే సరిపోయింది.

మరి నిజంగా వైరస్ అయితే ఎలా తెలుస్తుంది? హిడెన్‌గా ఉండటం ఒక్కటే ఏ గుర్తూ కాదు. ఎవరైనా ‘వైరస్’ అంటే అడగాల్సింది ఒక్కటే: ‘ఏ యాంటీవైరస్ పట్టింది, ఏ పేరుతో పట్టింది, చూపించండి’. స్కానర్ పట్టినదానికి ఒక పేరు ఉంటుంది, ఏ ఫోల్డర్‌లో దొరికిందో ఉంటుంది. డిఫెండర్ అయితే ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. ఆ పేరు బిల్లు మీద రాయమంటే చాలామంది గొంతు మారిపోతుంది.

ఫైల్ మీద అనుమానం మీకే ఉంటే, అది ఎక్కడుందో ముందు చూడండి. ఎస్‌వీసీహోస్ట్.ఈఎక్స్ఈ సిస్టమ్32లో ఉంటే విండోస్‌ది. అదే పేరు డౌన్‌లోడ్స్‌లోనో టెంప్ ఫోల్డర్‌లోనో కనిపించినా, వీసీ బదులు సీవీ అని అక్షరాలు తారుమారై ఉన్నా అనుమానించాల్సిందే. ఈఎక్స్ఈ ఫైలైతే రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి, తయారు చేసినవాళ్ల పేరు ఉంటుంది. సంతకం లేనంత మాత్రాన చెడ్డదని కాదు, చిన్న చిన్న ఫ్రీ ప్రోగ్రాములకు చాలావాటికి ఉండదు. ఇంకా తేలకపోతే గూగుల్ చేతిలో ఉన్న వైరస్‌టోటల్ సైట్‌లో ఆ ఫైల్ పెడితే డెబ్బై దాకా యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెబుతాయి. పేరు తెలియని ఒకటి రెండు మాత్రమే ఎర్రగా చూపిస్తే అది పొరపాటు అయ్యుండొచ్చు. ముప్పై నలభై చూపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు. కానీ ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో ఎక్కించకండి. అక్కడ పెట్టిన ఫైళ్లను వాళ్ల దగ్గర డబ్బు కట్టి సభ్యులైనవాళ్లు దించుకోగలరు.

నిజం వైరస్ చాలాసార్లు మామూలు ఫైల్ వేషంలోనే వస్తుంది. విండోస్ డిఫాల్ట్‌గా ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్ చూపించదు. అందుకే ఫోటో.జేపీజీ.ఈఎక్స్ఈ అన్నది మీకు ఫోటో.జేపీజీలాగే కనబడుతుంది. నన్నడిగితే హిడెన్ ఫైళ్ల టిక్ కంటే ఎక్స్‌టెన్షన్లు చూపించే టిక్ పెట్టుకోవడమే మేలు. జిరాక్స్ షాపుల నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్ వైరస్ ఇంకా తగులుతూనే ఉంది. మీ ఫైళ్లు మాయమై, వాటి చోట బాణం గుర్తు షార్ట్‌కట్లు కనిపిస్తాయి. దాన్ని డబుల్ క్లిక్ చేయొద్దు. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ చూడండి. ఫైల్ పేరుకు బదులు సీఎండీ అనో రన్‌డీఎల్ఎల్32 అనో మొదలైతే అదే. అప్పుడు కూడా ‘డేటా పోయింది, ఫార్మాటే దిక్కు’ అంటే ఒప్పుకోకండి. చాలాసార్లు ఫైళ్లు ఆ పెన్‌డ్రైవ్‌లోనే దాచిపెట్టి ఉంటాయి. ముందు స్కాన్ చేసి, తర్వాత హిడెన్ ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు రెండూ కనిపించేలా సెట్టింగ్ మారిస్తే బయటికొస్తాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచిత టూల్స్ కూడా ఉన్నాయి.

తెలియని ఫైల్ కనపడగానే మీరే డిలీట్ కొట్టడం కూడా వద్దు. 2002లో ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైల్ వైరస్ అని, వెంటనే తీసేయమని ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. పాపం జనం నమ్మి విండోస్‌తో వచ్చిన మంచి ఫైల్‌ని చేతులారా చెరిపేశారు. 2025 ఏప్రిల్‌లో విండోస్ అప్‌డేట్ తర్వాత సీ డ్రైవ్‌లో ఐనెట్‌పబ్ అనే ఖాళీ ఫోల్డర్ ప్రత్యక్షమైతే మళ్లీ అదే కంగారు. అది సెక్యూరిటీ సవరణలో భాగమని, తీసేయొద్దని మైక్రోసాఫ్టే చెప్పాల్సి వచ్చింది.

ఇదే నాటకం ఫోన్‌లోనూ నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ నుంచి అంటూ ఫోన్ చేసి, విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, అక్కడి ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లని భయపెడతారు. అవి ప్రతి కంప్యూటర్‌లో ఉండే మామూలు ఎర్రర్ నమోదులు. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లకు ఈ కాల్స్ ఎక్కువ, ఒకసారి వాళ్లతో చెప్పి ఉంచండి. మన దేశం నుంచే ఇలాంటి కాల్స్ చేస్తున్న ముఠాల మీద 2023 అక్టోబర్‌లో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో దాడులు చేసింది. అలా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. షాపుతో గొడవైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మేం 1915కే ఫిర్యాదు పెట్టాం. ఆ తర్వాత షాపువాళ్లు యాంటీవైరస్ డబ్బు 900 వెనక్కిచ్చారు. మిగతా 1,900 ‘సర్వీస్ చార్జి, రిటర్న్ ఉండదు’ అంటున్నారు. బిల్లు మీద మాత్రం ‘వైరస్ రిమూవల్’ అని వాళ్ల చేత్తోనే రాసి ఉంది. ఏ వైరస్ తీశారో లిఖితపూర్వకంగా చెప్పమని అడిగాం, జవాబు ఇంకా రాలేదు. గుంటూరు వైపు ఎవరి దగ్గరైనా ఇలాంటి బిల్లు ఉంటే పారేయకండి, షాపువాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు కూడా డిలీట్ చేయకండి.