మూడేళ్లు, 34 వేల కిలోమీటర్లు: బయట కొత్త, లోపల గుండు

2021 జూన్‌లో ఈ టైర్లు వేయించిన నాటి నుంచి అడిగినవారికీ అడగనివారికీ వీటి గురించి మంచి మాటే చెబుతూ వచ్చాను. అందులో కొంత వెనక్కి తీసుకోవలసి వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు కావాలనే వదిలేస్తున్నాను. జరిగినదానిలో టైరు తప్పు ఎంత, నా తప్పు ఎంత, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేసే పని) చేసినవారి తప్పు ఎంత అన్నది చదివాక మీకే అర్థమవుతుంది. పేరు రాస్తే మొత్తం నేరం ఆ పేరు మీదికే పోతుంది. సైజు 195/55 ఆర్ 16, బండి ముందు చక్రాలతో లాగే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఉద్యోగం నల్లగొండలో, తిరుగుడు మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట వైపు, నెలకు రెండు మూడుసార్లు హైదరాబాదుకు.

వీటిని ఎంచుకోవడానికి ఒకే కారణం వాన. పాత టైర్లతో చిట్యాల దాటాక 65వ జాతీయ రహదారి మీద నీళ్లు నిలిచిన చోట బండి ఒక్క క్షణం పడవలా తేలిపోయేది, స్టీరింగ్ చేతిలో ఖాళీగా తిరిగేది. అందుకే 'ఆల్ సీజన్ పెర్ఫార్మెన్స్' రకం తీసుకున్నాను. మంచు కురిసే దేశాలలో ఆల్ సీజన్ అంటే బురదలోనూ తేలికపాటి మంచులోనూ పట్టు ఉండేది అని అర్థం, గట్టి మంచుకు పరీక్షించినదానికి టైరు పక్క గోడ మీద కొండా మంచుపువ్వూ ఉన్న గుర్తు వేస్తారు. మన దగ్గర ఆ గుర్తు వెతకడం బావిలో ఓడ వెతికినట్లే. ఇక్కడ చూసుకోవలసినది నడి మే నెల తారు రోడ్డు వేడినీ, జూలై వాననూ ఒకే రబ్బరు తట్టుకుంటుందా లేదా అన్నదే. పక్కన 87 వి అని ఉంటే ఒక్కో టైరు 545 కిలోల బరువు మోస్తుందనీ, గంటకు 240 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకుంటుందనీ లెక్క. ఆ వేగం మనకు ఎందుకని దుకాణంలో ఒకరు నవ్వారు. వేగం కోసం కాదు, ఎక్కువ వేగపు అక్షరమున్న టైరు వేడిని తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి తీసుకున్నాను.

మొదటి రెండు వానాకాలాలు ఇచ్చిన ఆనందం మాటల్లో చెప్పలేను. వీటి ట్రెడ్, అంటే నేలను తాకే రబ్బరు భాగం, రెండు పక్కలా ఒకేలా ఉండదు. బయటి సగంలో గట్టి, వెడల్పాటి రబ్బరు దిమ్మెలు ఉంటాయి, మలుపులో బండి వాటి మీద ఆనుతుంది. లోపలి సగంలో గాడులు ఎక్కువ, నీళ్లు వాటిలోంచి బయటికి పోతాయి. నార్కట్‌పల్లి దగ్గర ఒక సాయంత్రం జోరువానలో గేదెల మంద అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. బండి గీత గీసినట్లు తిన్నగా ఆగింది. 12 వేల కిలోమీటర్ల దగ్గర వంగి చూస్తే అరుగుదల కనిపించనే లేదు. 'ఇవి 60 వేలు తిరుగుతాయి' అని ఇద్దరు తోటి ఉద్యోగులతో కొనిపించాను కూడా. వారితో ఈ మధ్య మాట్లాడేటప్పుడు ఆ అంకెను ఎత్తడం లేదు.

2023 అక్టోబరులో చిట్యాల దగ్గర అదే చోట బండి మళ్లీ తేలింది. నీళ్లు లోతుగా ఉన్నాయిలే అనుకున్నాను. అంతకుముందే చక్రాల దగ్గర నుంచి ఒక రొద మొదలైంది, వేగం పెరిగేకొద్దీ తేనెటీగల తుట్టె దగ్గర నిలబడినట్లు. బేరింగ్ పోయిందని మెకానిక్ చెబితే ఎడమ ముందు చక్రానిది మార్పించాను. రొద తగ్గలేదు. రోడ్డే అలా ఉందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

2024 మే నెలలో భార్యనూ మామగారినీ ఎక్కించుకుని నాగార్జునసాగర్ బయలుదేరాను. హాలియా ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా స్టీరింగ్ ఎడమకు లాగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ముందు ఎడమ టైరు సగం కూర్చుంది. ఆ ఎండలో స్టెప్నీ మార్చుకుని, దిగిన టైరును డిక్కీలో వేసుకుని, హాలియాలో రోడ్డు పక్క పంక్చర్ షాపు ముందు ఆగాము. షాపు నడిపే ముసలాయన టైరును నీళ్ల తొట్టిలో తిప్పి, మొల కోసం వేళ్లతో వెతికి, చివరికి లోపలి అంచు నా వైపు తిప్పాడు.

"మొల లేదు, ఏం లేదు సారూ. గిటు జూడుండ్రి, తీగెలు ఎల్లినయ్."

చూశాను. బయటి వైపు గాడులు ఇంకా లోతుగా ఉన్నాయి, కొత్త టైరని చెప్పినా నమ్ముతారు. లోపలి వైపు మాత్రం వేలి వెడల్పున రబ్బరే లేదు; నున్నగా గుండు కొట్టినట్లుండి, దాని అంచున సన్నని ఉక్కు తీగలు తుప్పు రంగులో పైకి లేచి ఉన్నాయి. గాలి ఆ తీగల సందులోంచే పోయింది. నేను మూడేళ్లుగా నిలబడి బయటి నుంచి చూస్తూ మురిసిపోయిన టైరు ఇదే.

"మంచి టైర్లంటివి గద అల్లుడా" అన్నారు మామగారు. నేనేమీ అనలేదు.

"కాకా, దీన్ని రిమ్ము మీద తిప్పి ఎక్కిస్తే ఇంకొన్నాళ్లు నడవదా?" అని అడిగాను.

"మామూలు టైరయితే గట్లనే చేస్తుంటి సారూ. దీని మీద ఇది బయటి పక్క అని రాసి ఉన్నది, తిప్పరాదు. తీగెలు ఎల్లినంక తిప్పినా, తిప్పకున్నా ఒక్కటే."

నాకున్న పెద్ద కక్ష ఇక్కడే. వానలో నన్ను కాపాడిన గాడులన్నీ లోపలి సగంలో ఉన్నాయి. గాడులు ఎక్కువున్న చోట నేలను తాకే రబ్బరు తక్కువ, తక్కువ ఉన్నది ముందు అరుగుతుంది. ఆ అరుగుదల బండి కిందికి దూరితే తప్ప కనబడదు, కనబడ్డాక టైరును తిప్పుకునే వీలు లేదు. చిట్యాల దగ్గర బండి ఎందుకు తేలిందో హాలియాలో ఆ షాపు ముందు నిలబడ్డాక గానీ తెలియలేదు: అప్పటికే నీళ్లను తోడవలసిన గాడులు సగం పోయాయి.

కారణం వెతికితే 2022 నవంబరు దాకా పోవలసి వచ్చింది. వానాకాలం కోతలప్పుడు మిర్యాలగూడ వైపు ఊళ్లలో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోయడం, వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచున బండరాళ్లు పేర్చడం మనందరికీ తెలిసినదే. ఒక రాత్రి ఎదురుగా వస్తున్న లారీ లైట్లకు కళ్లు చెదిరి ఎడమ చక్రాన్ని అలాంటి రాయి మీదికి ఎక్కించాను. రైతు మీద నాకు కోపం లేదు, ఆరబోసుకోవడానికి కల్లం లేనివాడు ఏం చేస్తాడు. మర్నాడే పట్టణంలో ఒక దుకాణానికి పోయి అలైన్‌మెంట్ చేయించాను. ఆ తరువాత పద్దెనిమిది నెలలలో అక్కడే ఇంకో రెండుసార్లు చేయించాను. మూడుసార్లూ 'అంతా సెట్ అయింది సార్' అన్నారు, మూడుసార్లూ ఒక కాగితం ఇచ్చారు, మూడింటినీ మడిచి డాష్‌బోర్డు అరలో పడేశాను.

హాలియా నుంచి వచ్చాక ఆ మూడు కాగితాలనూ బల్ల మీద పరిచాను. టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) దగ్గర ఆకుపచ్చ, అంటే సరిగ్గా ఉందని. ఎడమ చక్రం క్యాంబర్ (చక్రం తల పక్కకు వాలే కోణం) దగ్గర మాత్రం మూడింటిలోనూ ఎరుపు. కుడి చక్రం మైనస్ అర డిగ్రీ వద్ద ఉంటే, ఎడమది మైనస్ ఒక డిగ్రీ దాటి ఉంది, అంటే చక్రం తల లోపలికి వాలి ఉంది. 'ముందు', 'తరువాత' అన్న రెండు గడులలోనూ అదే అంకె. నా బండిలాంటి చిన్న కార్లలో చాలావాటికి ముందు క్యాంబర్ సరిచేసే ఏర్పాటే ఉండదు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ తిప్పి టో ఒక్కటే సరిచేస్తారు. బిల్లులో మాత్రం క్యాంబర్‌కూ డబ్బు తీసుకున్నారు. అది వారి తప్పు. ఎర్ర గడిని ఒక్కసారైనా చదవకపోవడం నా తప్పు.

వేరే వర్క్‌షాపులో మెకానిక్ బండిని లిఫ్టు మీద ఎక్కించి, చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కింద ఇనుప రాడ్డు పెట్టి ఎత్తాడు. ఆర్మ్‌ను బండికి బిగించే చోట ఉండే వెనుక బుష్‌లో రబ్బరు చీలిపోయి ఉంది. రాడ్డు నొక్కినప్పుడల్లా ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఆడింది. ఆర్మ్ కూడా కొద్దిగా వంగింది. బండి యంత్రం మీద కదలకుండా నిలబడినప్పుడు టో సరిగ్గానే కనిపిస్తుంది. రోడ్డు మీద బ్రేకు తొక్కగానే చక్రం వెనక్కి జరిగి బయటికి తిరుగుతుంది, లోపలి అంచు నేలను రాసుకుంటుంది. ఆకుపచ్చ కాగితాన్ని పట్టుకుని అరుగుదల ఆగిందని నమ్మడం ఎంత తెలివితక్కువో నాకు అప్పుడు అర్థమైంది.

ఎంత చిన్న కోణం ఎంత నష్టం చేస్తుందో ఒక లెక్క వేసుకున్నాను. చక్రం పావు డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరుకు నాలుగు మీటర్లకు పైగా అడ్డంగా రాసుకుంటూ పోతుంది. పది వేల కిలోమీటర్లకు అది 43, 44 కిలోమీటర్లు, అంటే సుమారుగా నల్లగొండ నుంచి మిర్యాలగూడ దాకా టైరును అడ్డంగా ఈడ్చుకుపోయినట్లు. రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది కాబట్టి అరుగుదల సరిగ్గా అంతే ఉండదు కానీ, తీగలు బయటపడడానికి అది చాలు.

రొదకు కారణం కూడా అదే, బేరింగ్ కాదు. పోయిన టైరుకు జతగా ఉన్న కుడి టైరు మీద అరచేతిని అడ్డంగా రాస్తే తెలిసింది. జొన్న ఆకును మొదట నుంచి కొనకు రాస్తే నున్నగా ఉండి, ఎదురు రాస్తే చెయ్యి కోసుకుంటుంది కదా, ఒక్కో దిమ్మె అంచు అలా తయారైంది. ఈ గుర్తు ఉంటే తప్పు టో దగ్గర ఉందని అర్థం. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్ గానీ బ్యాలెన్సింగ్ గానీ చూపించుకోవాలి. గాలి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మే నెల మధ్యాహ్నం నలభై కిలోమీటర్లు నడిపి బంకులో గాలి చూపిస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువే చూపుతుంది. ఎక్కువైందని బంకు కుర్రాడు గాలి తీసేస్తాడు, తెల్లారి చల్లబడ్డాక టైరు ఆ మేరకు తక్కువతో ఉంటుంది. నేను ఇంట్లోనే పొద్దున చూసుకుంటున్నాను.

ఆర్మ్ మార్పించడానికి అయిన ఖర్చు రెండు టైర్ల ధరలో మూడో వంతు కూడా కాలేదు. ముందు రెండు టైర్లు మాత్రం కొత్తవి తీసుకోక తప్పలేదు. మళ్లీ అవే తీసుకున్నాను. దీనికి ఇంట్లో నవ్వారు. దుకాణదారు కొత్తవి ముందు వేస్తానంటే వద్దని వెనుక వేయించాను. వానలో వెనుక పట్టు జారితే బండి గిర్రున తిరుగుతుంది, ముందు జారితే కనీసం తిన్నగా పోతుంది. వెనుక ఉన్న పాతవి ముందుకు వచ్చాయి, వాటిలో ఇంకా నాలుగున్నర మిల్లీమీటర్ల లోతు ఉంది. గాడిలో అరుగుదల గుర్తుగా పోసిన రబ్బరు గట్టు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కానీ, వాన కోసం కొన్న టైరును అందాకా నడపడం నాకు ఇష్టం లేదు, మూడు దగ్గరే మార్చేస్తాను. ప్రతి ఎనిమిది వేలకూ ముందువి వెనక్కీ వెనుకవి ముందుకూ మార్పిస్తున్నాను. మొదటి మూడేళ్లూ ఆ పని చేసి ఉంటే, చక్రం విప్పిన మొదటిసారే లోపలి అంచు ఎవరో ఒకరి కంట పడేది.

ఎవరు కొనాలంటే కచ్చితంగా చెప్పలేను. నేను ఏడాదికి పదకొండు పన్నెండు వేలు తిరుగుతాను, అందులో సగం జాతీయ రహదారి, వానలో రాత్రి ప్రయాణాలు తప్పవు. అందుకే నాకు కుదిరాయి. రోజంతా గుంతల రోడ్ల మీద, కల్లాల మధ్య తిరిగేవారు, మెత్తటి రబ్బరు కాకుండా ట్రెడ్‌వేర్ అంకె (ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది) ఎక్కువున్న, రెండు పక్కలా ఒకేలా ఉన్న మామూలు టైరు తీసుకుంటే అరిగినా రిమ్ము మీద తిప్పుకోవచ్చు. ఆ అంకెను కంపెనీ తన పరీక్షల మీదే వేసుకుంటుంది కాబట్టి, ఒక కంపెనీ 400నూ ఇంకో కంపెనీ 400నూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. కొనేటప్పుడు పక్కనున్న నాలుగంకెల తేదీ మాత్రం తప్పక చదవండి: 1424 అంటే 2024లో పద్నాలుగో వారం.

కొత్త జత తొమ్మిది వేలు తిరిగింది. పోయిన ఆదివారం లోతు కొలిచే చిన్న పరికరంతో చూస్తే లోపల 6.7, బయట 6.8 మిల్లీమీటర్లు వచ్చింది. చక్రాల లోపలి అంచుకు అది అందక, పాత దుప్పటి పరుచుకుని బండి కింద పడుకుని కొలిచాను.