ఎమ్‌జీబీ రేకుల కోసం మూడు రోజులు: ఆక్స్‌ఫర్డ్‌షైర్ నుంచి బ్యూలీ దాకా

నా 1972 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్‌కి (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఎడమ వైపు ముందు వింగ్ (చక్రం మీది రేకు), రెండు సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే రేకులు), వెనక వింగ్ కింది మూల తుప్పు తినేసింది. సెప్టెంబర్‌లో దక్షిణ ఇంగ్లండ్‌లోని బ్యూలీలో ఆటోజంబుల్, అంటే పాత కార్ల విడిభాగాల సంత, ఎలాగూ ఉంది కదా అని శుక్రవారం సెలవు పెట్టి, స్నేహితుడి ఎస్టేట్ కారు తీసుకుని బయల్దేరాను. ఆ కారు ఎందుకంటే వెనక సీట్లు మడిస్తే వింగ్ పడుతుంది, ముందే టేపుతో కొలుచుకున్నాను.

మొదట ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అబింగ్డన్. 1962 నుంచి 1980 దాకా ఎమ్‌జీబీలు తయారైంది ఈ ఊళ్ళోనే, ఐదు లక్షలకు పైగా. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, పక్కనే ఎమ్‌జీ కార్ క్లబ్ ఆఫీసు ఉన్న కింబర్ హౌస్ మాత్రం ఉంది. రేకులు దొరికే చోటు కాదు గానీ ఈ కారంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఒక్కసారైనా ఆగాలి. దగ్గర్లోనే విట్నీ. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్ళు అక్కడ పాత అసలు అచ్చులతోనే ఎమ్‌జీబీ ప్యానెళ్ళు, పూర్తి బాడీ షెల్స్ తయారు చేస్తారు. సిల్స్ మాత్రం వాళ్ళవే కావాలనుకుని ఒక డీలర్ దగ్గర తీసుకున్నాను. ఖరీదు ఎక్కువే. కానీ ఈ కారుకి వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్, పైగా రోడ్‌స్టర్‌కి పైకప్పు కూడా లేదు కాబట్టి బరువంతా సిల్స్ మీదే, అక్కడ పొదుపు చేయకండి.

వెనక మూలకి ఊరి బయట ఒక షెడ్డులో రేకు పని చేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పాత ముక్క ఇస్తే దాన్ని చూసి, రేకు కత్తిరించి, ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకుని నొక్కి వంపు తెచ్చే యంత్రం) మీద అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ ఉంటే చదును రేకు కాస్తా గుమ్మటంలా ఉబ్బుతూ వచ్చింది, అరగంటలో మూల తయారు. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య వెంట వెళ్ళి గంటలు గంటలు చూసిన టింకరింగ్ మేస్త్రి గుర్తొచ్చాడు, ఆయన చేతిలో సుత్తి, ఈయన చేతిలో చక్రం, అంతే తేడా. చిన్న మూలలకి ఇదే మేలు, మొత్తం వింగ్ కొనక్కర్లేదు.

రాత్రి బస బ్యూలీ దగ్గర్లోని లిండ్‌హర్స్ట్‌లో చిన్న బీఅండ్‌బీ (పొద్దున టిఫిన్‌తో కలిపి గది), 110 పౌండ్లు. గది ఇరుకు, టిఫిన్ బాగుంది, ముఖ్యంగా ఏడింటికే పెట్టారు. సౌతాంప్టన్‌లో చవగ్గా దొరుకుతుంది గానీ పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. చుట్టూ ఉన్న న్యూ ఫారెస్ట్ అడవి రోడ్ల మీద గుర్రాలు అడ్డం వస్తాయి, మెల్లిగా వెళ్ళండి.

శనివారం బ్యూలీ. నాతో రెండు వస్తువులు తీసుకెళ్ళాను: మా ఫ్రిజ్ మీది చార్మినార్ మ్యాగ్నెట్, తలుపు ముందు అంచు వంపుకి సరిగ్గా కత్తిరించిన అట్టముక్క. ఇవి లేకపోతే డబ్బు పోగొట్టుకునేవాణ్ణి. మొదటి స్టాల్లో మెరిసిపోతున్న వింగ్, మ్యాగ్నెట్ పెడితే హెడ్‌లైట్ కింద జారిపోయింది, లోపలంతా పుట్టీ. ఇంకోచోట ఒక బానెట్‌కి అసలు అంటుకోలేదు, ఎందుకంటే మొదటి ఎమ్‌జీబీలకి బానెట్ అల్యూమినియం, చాలా తేలిక, మనసు లాగింది గానీ ముందు అంచు సొట్టలు చూసి వదిలేశాను.

పోయినేడు కొన్న నకలు వింగ్ తలుపు దగ్గర పైన ఇరుకు, కింద వేలు దూరేంత సందు. అందుకే ఈసారి పాతదైనా అసలుదే కావాలనుకున్నాను. మధ్యాహ్నానికి దొరికింది, పైపైన తుప్పు, అట్టముక్క అంచుకి అతికినట్టు సరిపోయింది, 140 అడిగితే 90 పౌండ్లకి ఇచ్చారు. క్యాష్ తీసుకెళ్ళండి, బేరం తేలిగ్గా తెగుతుంది. ఆదివారం కూడా తిరిగాను, కానీ మంచి సరుకు శనివారమే అయిపోతుంది, రెండో రోజు టికెట్ దండగ.

సోమవారం సాయంత్రం ముందు వింగ్‌ని ఊరికే నాలుగు బోల్టులతో నిలబెట్టి చూశాను. తలుపు దగ్గర పై నుంచి కింద దాకా సందు ఒకేలా ఉంది. పాత సిల్స్ అక్టోబర్‌లో, తలుపు పట్టే ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాకే కోయిస్తాను, లేకపోతే బాడీ మధ్యలో కుంగిపోతుంది.