ఆష్ రా టెంపెల్ తొలి ఆల్బమ్: రెండో వైపు కోసం కొనదగిన రికార్డు

బెర్లిన్‌కు చెందిన ఆష్ రా టెంపెల్ బృందం తన పేరుతోనే 1971లో వెలువరించిన తొలి ఆల్బమ్‌లో ఉన్నవి రెండే రచనలు. మొదటి వైపు 20 నిమిషాలకు కాస్త తక్కువగా సాగే ‘ఆంబోస్’, రెండో వైపు 25 నిమిషాలు దాటే ‘ట్రౌమ్‌మషీనె’. గిటారు వాయించిన మానుయెల్ గోట్షింగ్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. బేస్ హార్ట్‌ముట్ ఎంకెది. డ్రమ్స్ వాయించిన క్లౌస్ షుల్జె అంతకు ముందే టాంజరీన్ డ్రీమ్ తొలి ఆల్బమ్‌లో వాయించి, ఆ బృందం నుంచి బయటికి వచ్చినవాడు. ఓర్ అనే లేబుల్ కోసం హాంబర్గ్‌లో జరిగిన ఈ రికార్డింగ్‌కు ఇంజనీరు కోనీ ప్లాంక్; జర్మన్ రాక్‌లో ఆ దశాబ్దపు మేలైన ధ్వనుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఆయనే.

ఈ ఆల్బమ్‌ను మెచ్చుకునేవారు సాధారణంగా ‘ఆంబోస్’ గురించే మాట్లాడతారు. అందులో అబ్బురపరిచే ఘట్టాలు లేకపోలేదు: సన్నని మోతగా మొదలై, షుల్జె డ్రమ్స్ అందుకున్నాక గిటారు ఎకో మీద ఎకో పేర్చుకుంటూ పోయి, చివరికి మూడు వాద్యాలూ ఒకే హోరుగా కలిసిపోతాయి. అయితే గోట్షింగ్ అంతకు ముందు బ్లూస్ వాయించిన కుర్రవాడన్న సంగతి ఇక్కడ దాగదు. ఊపు తగ్గిన ప్రతిచోటా వేళ్లు ఆ పాత అలవాటు వైపే జారుతుంటాయి. అలాంటి చోట్ల రచనను నిలబెట్టినది షుల్జె. తర్వాతి కాలంలో సింథసైజర్లతోనే పేరు తెచ్చుకోవడం వల్ల ఆయన డ్రమ్మర్‌గా ఎంతటివాడో జనం మరిచిపోయారని నాకు అనిపిస్తుంది.

అసలు విషయం ‘ట్రౌమ్‌మషీనె’లో ఉంది. మైలాపూరు సభల్లో విస్తారమైన రాగాలాపనకు అలవాటు పడిన చెవికి ఇది కొత్తగా ఉంటుందే తప్ప పరాయిగా ఉండదు. తంబురా శ్రుతిలా ఒక నాదం పరుచుకుని ఉంటుంది. దాని మీద గిటారు స్వరాలు మీటు వినబడకుండా మెల్లగా ఉబికి వచ్చి, నిలిచి, మళ్లీ ఆ నాదంలోకే దిగిపోతుంటాయి. తాళం లేదు, తొందర అంతకన్నా లేదు. చాలాసేపటికి చేతి వాద్యాల లయ దూరం నుంచి నడిచి వచ్చినట్టు వినబడుతుంది. అది వచ్చిన తర్వాత కూడా సంగీతం దాన్ని పట్టుకుని పరుగెత్తదు, పక్కన నడవనిస్తుంది. ఆలాపనతో పోలిక ఇంతవరకే. మన విద్వాంసుడు ప్రతి సంచారంలోనూ రాగస్వరూపాన్ని ఇంకొంచెం తెరిచి చూపిస్తాడు. ఇక్కడ తెరవవలసిన రాగమంటూ లేదు, మారేదల్లా ధ్వని సాంద్రత, దూరం, వెలుతురు. రాగభావం కోసం ఎదురుచూస్తే ఇరవై ఐదు నిమిషాలు భారంగా గడుస్తాయి, నాదం కోసం కూర్చుంటే గడియారం గుర్తుకు రాదు.

ఇక రికార్డు సంగతి. నా దగ్గర ఉన్నది ఇటీవలి పునర్ముద్రణ. మొదటి ముద్రణలో అట్ట తలుపు రెక్కల్లా మధ్యలోంచి రెండు వైపులా తెరుచుకునేది. పాతది కొనాలనుకునేవారు ఆ రెక్కల మడతలు చిరిగాయేమో చూసుకోవాలి. ఒక వైపున పాతిక నిమిషాలకు మించి ఇమిడించాలంటే గాడులు దగ్గరగా చెక్కాలి కాబట్టి శబ్దస్థాయి తగ్గుతుంది, నిశ్శబ్దానికి దగ్గరగా మొదలయ్యే ‘ట్రౌమ్‌మషీనె’లో ఆ లోటు బాగా తెలుస్తుంది. పైగా చెన్నైలో ఫ్యాను తిరుగుతుండగా దీని మొదటి మూడు నిమిషాలు వినబడవు. మే నెలలో ఫ్యాను ఆపి సంగీతం వినమని చెప్పేంత కఠినుణ్ణి కాను. కిటికీలు మూసుకోగలిగిన వానాకాలపు రాత్రి దాకా ఆగడమో, మంచి హెడ్‌ఫోన్లతో డిజిటల్ ప్రతి వినడమో మేలు. డిజిటల్‌లో పక్క తిప్పే పని ఉండదు గాని, ‘ఆంబోస్’ హోరు ఆగీ ఆగకముందే రెండోది మొదలవుతుంది. ఆ మధ్య చెవికి కాస్త విరామం ఇచ్చుకోవాలి.

పాట, పల్లవి కోరుకునేవారికి ఈ ఆల్బమ్‌ను సిఫారసు చేయను. పింక్ ఫ్లాయిడ్ సుదీర్ఘ వాద్య రచనలను ఇష్టపడి, వాటిలోని పదును ఇంకా పెరిగితే బాగుండుననుకునేవారు మొదటి వైపుతో మొదలుపెట్టవచ్చు. కచేరీలకు వెళ్లే అలవాటున్నవారు మాత్రం నేరుగా రెండో వైపే పెట్టుకోవాలి. అది నచ్చితే, బృందం 1972లో తెచ్చిన తర్వాతి ఆల్బమ్ ‘ష్వింగుంగెన్’ కన్నా ముందు, ఈ ఆల్బమ్ తర్వాత విడిపోయిన షుల్జె అదే ఏడాది ఒంటరిగా చేసిన ‘ఇర్‌లిష్ట్’ వినడం మంచిది. అందులో ఆయన డ్రమ్స్‌ను పూర్తిగా పక్కన పెట్టి, మార్పులు చేసిన ఆర్గన్‌తోనూ వాద్యబృందపు టేపుతోనూ ‘ట్రౌమ్‌మషీనె’ మొదటి సగాన్నే ఒక ఆల్బమ్ నిడివికి సాగదీశాడు.