నేపుల్స్–సొరెంటో చిర్కుమ్‌వెసువియానా: చవకే, కానీ తెలిసి ఎక్కాలి

దక్షిణ ఇటలీలో తక్కువ ఖర్చుతో తిరగాలనుకునే జంటకి ఈ రైలు దాదాపు తప్పదు. ఒక చివర నేపుల్స్, రెండో చివర సొరెంటో, దారిలో పురాతన రోమన్ పట్టణాలు ఎర్కొలానో, పాంపేల శిథిలాలు. ఆ చివరి నుంచి ఈ చివరికి టికెట్ కొన్నేళ్లుగా ఒక్కొక్కరికి 5 యూరోల లోపే ఉంటోంది. రేవు నుంచి వేగంగా వెళ్లే బోటుకి ఇంతకి మూడింతలు, టాక్సీకైతే ఇద్దరికీ కలిపి వంద దాటుతుంది. ధరకి ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. సౌకర్యానికి రెండు. సమయపాలనకి ఆ రెండు కూడా ఎక్కువే.

ఇది పర్యాటకుల కోసం వేసిన రైలు కాదు, వెసూవియస్ అగ్నిపర్వతం చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు పనులకీ చదువులకీ ఎక్కే లోకల్. పట్టాల మధ్య దూరం 950 మిల్లీమీటర్లే, మామూలు రైలు మార్గం కంటే బాగా ఇరుకు. అందుకే రోమ్ నుంచి వచ్చే రైళ్లేవీ ఈ పట్టాల మీదికి రాలేవు, నేపుల్స్‌లో దిగి మారాల్సిందే. నడిపేది ఈఏవీ అనే వేరే సంస్థ కాబట్టి ఇటలీ ప్రభుత్వ రైల్వే ట్రెనిటాలియా టికెట్ గానీ, యూరోప్ రైలు పాసు గానీ ఇక్కడ చెల్లదు. రైలు పెట్టెల్లో పెద్ద సూట్‌కేసులకి చోటుండదు. పాత పెట్టెల్లో ఏసీ ఉండదు. కిటికీల మీద బయటినుంచి రంగులు పూసేసి ఉంటే సముద్రం సంగతి మర్చిపోవడమే.

నేపుల్స్ సెంట్రల్‌లో దిగాక చిర్కుమ్‌వెసువియానా బోర్డులు పట్టుకుని కిందికి వెళ్తే గరిబాల్డి స్టేషన్ వస్తుంది. అదే ప్రాంగణంలో భూగర్భంలో మెట్రో ప్లాట్‌ఫాంలు కూడా ఉన్నాయి, తికమక పడేది అక్కడే. గేట్లకి ముందే ఈఏవీ కౌంటర్ ఉంటుంది. రద్దీ వేళ ఒకరు క్యూలో నిలబడితే మరొకరు సామాన్ల దగ్గర ఉండటం మేలు. వెళ్లే రోజే తిరిగొచ్చేట్టయితే రానుపోను రెండు టికెట్లూ అప్పుడే తీసుకోవాలి, సాయంత్రం పాంపే కౌంటర్ ముందు నిలబడే పని తప్పుతుంది. దిగేదాకా టికెట్ పారేయకండి, బయటికి వచ్చే గేటు దగ్గర అవసరం పడొచ్చు.

ఇక అసలు కిటుకు. చాలామంది గరిబాల్డిలో ఎక్కుతారు గానీ రైలు బయల్దేరేది అక్కడ కాదు, ఒక్క స్టేషన్ ముందున్న పోర్టా నోలానాలో. గరిబాల్డి నుంచి నడిచి వెళ్లేంత దూరమే. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య వెళ్లేవాళ్లు ఆ కాస్త నడక నడిస్తే ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరుకుతాయి. గరిబాల్డిలో ఎక్కితే సొరెంటో దాకా సుమారు 70 నిమిషాలు కమ్మీ పట్టుకుని నిలబడాల్సి రావచ్చు. కూర్చోవాల్సింది కుడివైపు, సముద్రం అటే. కాస్తెల్లమ్మారే ఊరు దాటాక మాత్రం సొరంగాలు వరసగా వస్తాయి, చూసుకున్నదేదో రెండు సొరంగాల మధ్యే చూసుకోవాలి.

పాంపే వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరపాటుపడేది స్టేషన్ పేరు దగ్గర. టోర్రె అనున్జియాతా దగ్గర పట్టాలు చీలతాయి. ఒక దారి సొరెంటోకి, ఇంకో దారి పొజ్జోమారీనోకి. శిథిలాల ముందు ఆగేది సొరెంటో రైలే, దిగాల్సింది 'పాంపే స్కావీ – విల్లా దేయ్ మిస్టేరీ'లో. రెండో దారిలో వచ్చే 'పాంపే సంతువారియో' ఊళ్లోని చర్చి దగ్గరిది, ట్రెనిటాలియాకి ఇంకో పాంపే స్టేషన్ ఉంది. కాబట్టి ఎక్కేముందు బోర్డు మీద 'సొరెంటో' అని ఉందో లేదో చూసుకోవాలి, ప్లాట్‌ఫాం నంబరు నమ్ముకోకూడదు. ఎర్కొలానోకి ఈ బెడద లేదు, రెండు దారుల రైళ్లూ ఆగుతాయి. స్టేషన్ నుంచి ఎదురుగా ఉన్న రోడ్డు పట్టుకుని తిన్నగా కిందికి దిగితే శిథిలాలే.

పాంపే స్కావీలో బయటికి రాగానే టికెట్లు ఇక్కడే అంటూ పిలిచే కౌంటర్లు టూర్ ఏజెన్సీలవి. అసలు ప్రవేశం పోర్టా మారీనా, కుడికి తిరిగితే కూతవేటు దూరం. 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందినే అనుమతిస్తూ టికెట్ మీద పేరు వేస్తున్నారు, ఇద్దరూ గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోవాలి. 30×30×15 సెంటీమీటర్లు మించిన సంచిని లోపలికి తీసుకెళ్లనివ్వరు, ద్వారం దగ్గరే ఇచ్చి వెళ్లాలి.

తిరుగు ప్రయాణానికి బస ఎక్కడన్నది ముఖ్యం. సొరెంటోలో ఎక్కితే మొదటి స్టేషన్ కాబట్టి సీటు ఖాయం. సాయంత్రం పాంపేలో ఎక్కి నేపుల్స్ వెళ్దామంటే రైలు అప్పటికే నిండి వస్తుంది, తలుపు దగ్గర కిక్కిరిసిన ఆ గుంపులోనే జేబుదొంగల చేతులు పనిచేస్తాయి. ఫోన్, పర్సు వెనక జేబులో వద్దు. బ్యాక్‌ప్యాక్ ముందుకు తగిలించుకోవాలి, ఎంత వింతగా కనిపించినా సరే.

ఇదే పట్టాల మీద సీజన్‌లో కంపానియా ఎక్స్‌ప్రెస్ అని ఒకటి నడుపుతారు. ఏసీ, కేటాయించిన సీటు, తక్కువ స్టేషన్లు. టికెట్ మామూలు రైలుకి దాదాపు మూడు రెట్లు, రోజుకి నడిచేవి కొన్నే. పెద్ద సూట్‌కేసులతో బస మారే రోజు దీనికి పెట్టిన డబ్బు దండగ కాదు. ఖాళీ చేతులతో పాంపే చూసి రావడానికైతే అనవసరం.

అమాల్ఫీ తీరానికి వెళ్లేవాళ్లకి సొరెంటో స్టేషన్ బయటే సీతా (SITA) అనే సంస్థ బస్సులు దొరుకుతాయి. టికెట్ బస్సెక్కాక కాదు, ముందే పొగాకు దుకాణంలోనో పత్రికల దుకాణంలోనో కొనాలి. అక్కడా కుడివైపు సీట్లే. వెళ్లడం రావడం కాకుండా మధ్యలో పొసితానో ఊళ్లో కూడా దిగే ఆలోచన ఉంటే 24 గంటల టికెట్ లెక్క చూసుకోండి.

విమానం పట్టుకోవాల్సిన రోజు మాత్రం ఈ రైలు మీద ఆధారపడొద్దు. అరగంటకొకటి అని టైంటేబుల్‌లో ఉన్నా మధ్యలో ఒకటి రద్దయితే తరవాతి దాంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. సొరెంటో నుంచి నేరుగా విమానాశ్రయానికి బస్సుంది, కొంచెం ఎక్కువైనా అదే నయం. సమ్మెలు ఇక్కడ మామూలే. ముందురోజు సాయంత్రం ఈఏవీ ప్రకటనల్లో 'షోపెరో' (సమ్మె) అన్న మాట కనిపిస్తే, ఏ వేళల్లో రైళ్లు తప్పక నడుస్తాయో కూడా అందులోనే రాస్తారు, ఆ వేళల్లోకి ప్రయాణం జరుపుకోవాలి.